'మెమరీ' అంటే జ్ఞాపకశక్తా, జ్ఞాపకమా, ఫోన్‌లో ఉండేదా?

మీరడిగిన మూడూ మెమరీయే. పక్కనున్న మాటను బట్టి అర్థం తెలిసిపోతుంది. మెమరీ పవర్ అంటే జ్ఞాపకశక్తి, స్వీట్ మెమరీస్ అంటే జ్ఞాపకాలు, మెమరీ ఫుల్ అంటే ఫోన్ గోల. చిక్కల్లా ఉత్త 'మెమరీ' అన్నప్పుడే.

నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. మెమరీ పెంచమని ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: ఫొటోలు పట్టడం లేదా, నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే నత్తనడక నడుస్తోందా? మొదటిదైతే స్టోరేజ్ చాలడం లేదు. రెండోదైతే చాలావరకు ర్యామ్ గురించే, అంటే నడుస్తున్న పనులను అప్పటికప్పుడు పట్టి ఉంచే చోటు. కరెంటు పోగానే ర్యామ్ ఖాళీ అయిపోతుంది, అందుకే సేవ్ చేయని ఫైల్ గల్లంతవుతుంది. ఫోన్ పెట్టె మీద 8 జీబీ, 128 జీబీ అని ఉంటే చిన్న అంకె ర్యామ్, పెద్దది స్టోరేజ్. అమ్మేవాళ్లు రెండింటినీ మెమరీ అనే అంటారు, అదో తలనొప్పి.

మనుషుల విషయంలోనూ "నాకు మెమరీ తక్కువ" అని తేల్చేస్తారు. ఏ మెమరీ? నా పాస్‌వర్డ్ ఒకటి నోటితో అడిగితే చెప్పలేను. ఒకసారి ఫోన్‌లో కొట్టాల్సి వచ్చి, టేబుల్ మీద ఉత్తుత్తి కీబోర్డ్ ఉన్నట్టు వేళ్లాడించి, ఏ వేలు ఎటు పోయిందో చూసి అక్షరాలు పట్టుకున్నాను. వేళ్లకు తెలిసింది, నాకు తెలియలేదు!

ఇది వింతేం కాదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల అతనికి మూర్ఛలు తగ్గించడానికి మెదడులో రెండువైపులా ఉండే హిపోకాంపస్ అనే భాగంలో పెద్ద ముక్కే తీసేశారు. సినిమాల్లోలా తన పేరు మరిచిపోలేదు, చిన్నతనమూ గుర్తుంది. కానీ కొత్తగా జరిగేదేదీ నిలిచేది కాదు. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతనితో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడిపించారు. రోజురోజుకూ చెయ్యి తిరిగింది. అంతకుముందు ఆ పని చేసిన సంగతి మాత్రం అతనికి గుర్తులేదు. అంటే పనితనానికీ, జరిగినదానికీ మెదడులో ఒకటే చోటు కాదన్నమాట.

ఇంగ్లీషు వాడుకలో 'ఫ్రమ్ మెమరీ' అంటే చూడకుండా చెప్పడం. ఇక ఫలకాల మీద రాసే 'ఇన్ మెమరీ ఆఫ్' చనిపోయినవారికే. బతికున్నవారి పేరు ముందు అది రాయించి ఇబ్బంది పడకండి, వారికి 'ఇన్ ఆనర్ ఆఫ్' అనాలి.