థార్, జిమ్నీ జీపుల డోర్ల కింది భాగానికి తక్కువ ఖర్చులో రాళ్ల దెబ్బ తగలకుండా ఏం చేయించాలి?

మామూలు ఫుట్‌స్టెప్ చాలదు. బండి బరువు రాయి మీద పడితే అది వంగి బాడీకే గుచ్చుకుంటుంది. ఇవి లాడర్ ఫ్రేమ్ బండ్లు, అంటే బాడీ కింద విడిగా గట్టి ఇనుప చట్రం (ఛాసిస్) ఉంటుంది. కాబట్టి డోర్ల కింద పెట్టే పైపు గార్డ్‌ను ఛాసిస్‌కే బిగించాలి, బాడీకి కాదు.

సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్‌లో 48 మి.మీ. ఇనుప పైపు తీసుకోండి. గోడ మందం కనీసం 3 మి.మీ. ఉండాలి, ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి. ఒక్కో వైపు పైపును ఛాసిస్‌కు కలిపే మూడు కాళ్లు, కాలు ఛాసిస్‌ను తాకే చోట అరచేతంత ప్లేటు. పైపుకీ బాడీకీ మధ్య రెండు వేళ్ల సందు వదలండి. పైపు చివర్లు మూయించండి, లేకపోతే వాన నీళ్లు చేరి లోపల్నుంచే తుప్పు పడుతుంది.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పించడం, పెట్రోల్, బ్రేక్ పైపులు ఎటు వెళ్తున్నాయో చూసుకోవడం తప్పనిసరి.

అంతా అయ్యాక గార్డ్ కింద జాకీ పెట్టి బండి లేపండి. పైపు వంగకుండా, డోర్ ఎప్పటిలా తెరుచుకుంటే పని బాగా కుదిరినట్టే.