స్పితి లోయలో పర్యాటకాన్ని నష్టం లేకుండా పెంచడం ఎలా?

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు సందర్శకులు పెరుగుతున్నప్పుడు అక్కడి ప్రకృతినీ, జీవనాన్నీ కాపాడుకోవడం ఎలా అన్నది ప్రశ్న. నా దృష్టిలో దీనికి సమాధానం నీటి దగ్గర మొదలవుతుంది.

స్పితి వర్షచ్ఛాయలో, అంటే కొండలు వానమబ్బులను అడ్డుకోవడంతో వాన సరిగా పడని చోట, ఉన్న శీతల ఎడారి. కరిగిన మంచు నీటిని చిన్న కాలువల ద్వారా మళ్లించుకుని రైతులు బార్లీ, పచ్చి బఠాణీ పండిస్తారు. 2020 అక్టోబరులో అటల్ సొరంగం ప్రారంభమై మనాలీ వైపు నుంచి ప్రయాణం సులువైంది కనుక, నీళ్లతో శుభ్రమయ్యే మరుగుదొడ్లున్న హోటళ్లు పెరిగేకొద్దీ ఆ కొద్దిపాటి నీటి మీదే భారం పడుతుంది.

స్థానికుల పొడి మరుగుదొడ్డిని గమనించండి. పై గది నేలలో ఒక రంధ్రం, పక్కన మట్టి కుప్ప, ఒక పార ఉంటాయి. వాడిన తర్వాత పారెడు మట్టి వేస్తే చాలు. కింది గదిలో కుళ్లి ఎరువుగా మారినది పొలానికి చేరుతుంది. ఒక్క చుక్క నీరు ఖర్చు కాదు. అతిథి గృహాలకు అనుమతి ఇచ్చేటప్పుడు ఈ పద్ధతికే ప్రాధాన్యం ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

బస కూడా పెద్ద హోటళ్లలో కన్నా గ్రామస్థుల ఇళ్లలో, వంతులవారీగా జరిగితే ఆదాయం అందరికీ అందుతుంది. నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న కిబ్బర్‌లో చలికాలంలో మంచు చిరుతను చూడటానికి వచ్చేవారికి గ్రామస్థులే దారి చూపుతారు; పశువులను చంపే జంతువు బతికి ఉండటం వల్ల కూడా ఊరికి రాబడి ఉందన్నది దాని రక్షణకు బలమైన కారణం.

చెత్త విషయంలో మాత్రం మార్గం ఒక్కటే: ప్లాస్టిక్ సీసాలను తెచ్చినవారే కొండ దిగేటప్పుడు వెంట తీసుకుపోవాలి.