'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్న మాట కొట్టెయ్యి

చిరంజీవికి,

నీ ఉత్తరం, దానితో పంపిన నివాళి వ్యాసం రెండుసార్లు చదివాను. స్కేట్‌బోర్డుతో మొదలై బేస్ జంపింగ్ (కొండలు, వంతెనల మీంచి పారాచూట్‌తో దూకడం) దాకా వెళ్లి, మధ్యలో గిటార్ వదలకుండా, ముప్పై రెండేళ్లకే పోయిన మనిషి గురించి రాయడం చిన్న పని కాదు. నీ ప్రేమ ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. మనిషి మాత్రం ఇంకా కనిపించడం లేదు.

మొదటి పేరాలోనే 'బహుముఖ ప్రజ్ఞాశాలి', 'మృత్యువుతో చెలగాటం', 'నింగికెగసిన తార' వరసగా వచ్చాయి. మూడూ కొట్టెయ్యి. మొదటిది ఎవరికైనా అతుకుతుంది కాబట్టి అతనికి చెందదు. రెండోది నిజం కాదు. బేస్ జంపర్ వీపున ఒక్కటే పారాచూట్ ఉంటుంది. విమానం నుంచి దూకే స్కైడైవర్‌కి ఉన్నట్టు రెండోది ఉండదు. అందుకే దాన్ని మడతపెట్టడం దగ్గర్నుంచి గాలి చూసుకోవడం దాకా ప్రతిదీ ఓపిగ్గా చేస్తారు. కొండెక్కాక గాలి నచ్చకపోతే నడిచి దిగొస్తారు. అలా దిగొచ్చిన రోజులు అతని జీవితంలోనూ ఉండే ఉంటాయి. వాటి గురించి స్నేహితుల్ని అడుగు. దూకిన రోజుల కన్నా అవే అతని స్వభావాన్ని ఎక్కువ చెప్తాయి.

'ఒకరోజు హఠాత్తుగా కొండ మీంచి దూకేశాడు' అని రాశావు. అలా జరగదు. బేస్ నేర్పేవాళ్లు సాధారణంగా ముందు 200 దాకా స్కైడైవ్‌లు చేసి రమ్మంటారు. మొదటిసారి వింగ్‌సూట్ (గాల్లో తేలడానికి రెక్కలున్న దుస్తులు) తొడగాలన్నా అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ పెట్టిన లెక్క 200 జంపులే. ఆ రెండు వందలు అతను ఎక్కడ చేశాడు, ఎన్నేళ్లలో చేశాడు, ఏ పని చేసి డబ్బు కట్టాడు? జంపర్లు లాగ్‌బుక్ రాసుకుంటారు. తేదీ, ఎత్తు, ఎన్ని సెకన్లు ఆగి పారాచూట్ తెరిచారు, ఏం తప్పు జరిగింది, అన్నీ అందులో ఉంటాయి. ఇంట్లోవాళ్లు చూడనిస్తే నీకు అంతకు మించిన ఆధారం లేదు.

అంకెలు రాసేముందు లెక్క కట్టు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని పెరైన్ వంతెన నదికి 486 అడుగుల ఎత్తున ఉంటుంది, అంటే 148 మీటర్లు. అక్కణ్ణుంచి 'ఆరు సెకన్లు పక్షిలా తేలాడు' అన్నావు. మనిషి మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడతాడు. రెండో సెకను చివరికి 20 మీటర్లకు దగ్గర, మూడో సెకను చివరికి సుమారు 42. ఆరో సెకనుకి నీళ్లలో ఉంటాడు. ఆ ఒక్క అంకె చూసి, ఆట తెలిసిన పాఠకుడు మిగతా వ్యాసం కూడా నమ్మడు.

ఇక సంగీతం. నీ వ్యాసంలో ఆట రెండు పేజీలుంటే, గిటార్ చివర్న ఒక్క వాక్యం: 'సంగీతంలోనూ రాణించాడు.' ఏ రకం గిటార్, ఏ బ్యాండ్, రికార్డింగులో ఏ పాటకు అతను బాణీ కట్టాడు, ఏ పాటలో కేవలం వాయించాడు? ఈ రెంటినీ కలిపేస్తే బ్యాండులో మిగిలినవాళ్లకి అన్యాయం చేసినట్టే. ఆల్బమ్ అట్ట మీది పేర్లు చూడు, వాళ్లతో సరిచూసుకో. ఆ తర్వాత పాట విను. 'హృద్యంగా వాయించాడు' అని కాదు, ఎక్కడ లయ ముందుకు తోశాడో, ఎక్కడ స్వరం ఖాళీగా వదిలాడో రాయి. అతని బలహీనత ఏమిటో డ్రమ్మర్‌ని అడిగితే నిమిషంలో చెప్తాడు. అది కూడా రాయి.

ఆటనీ సంగీతాన్నీ కలిపే తాడు కావాలని నీకు అనిపించింది, సరైన ఊహే. కానీ 'రెండింటిలోనూ స్వేచ్ఛనే వెతికాడు' అన్న వాక్యం తాడు కాదు. శరీరంలో వెతుకు. స్కేటర్లు పడేటప్పుడు అరచేయి నేలకు ఆనిస్తారు. దాంతో బొటనవేలి మొదట్లో, మణికట్టులో ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లుతుంది. మొదటి ఎక్స్‌రేలో అది కనబడకపోవడం మామూలే. బెణికిందనుకుని వదిలేస్తారు. దానికి రక్తం సరిగా అందదు కాబట్టి మానడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి అతుక్కోనే అతుక్కోదు. గిటార్ వాయించేవాడికి ఆ మణికట్టే జీవనం. నువ్వు అతను పందొమ్మిదో ఏట చెయ్యి విరగ్గొట్టుకున్నాడని ఒక్క ముక్కలో దాటేశావు. ఏ చెయ్యి? తీగలు నొక్కే చెయ్యా, మీటే చెయ్యా? కట్టు ఉన్నన్నాళ్లు ఏం చేశాడు? విప్పాక పట్టు మారిందా? నీ వ్యాసానికి గుండెకాయ అక్కడ ఉందని నా గట్టి అనుమానం. లయ గురించి కూడా ఒక మాట. నిమిషానికి 120 దెబ్బల వేగంలో, గాల్లో పడే మూడు సెకన్లంటే ఆరు దెబ్బలు. అతను గాల్లో అలా లెక్కపెట్టేవాడని ఎవరైనా చెప్తే రాయి. ఎవరూ చెప్పకపోతే, ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యి.

మరణం దగ్గర నువ్వు 'పారాచూట్ తెరుచుకోక' అని రాశావు. నిజంగా అదేనా? మంచు మీద జారే పలకలు, అంటే స్కీలు, కాళ్లకు తొడుక్కుని కొండ మీంచి దూకే షేన్ మెకాంకీ 2009 మార్చి 26న ఇటలీలోని డోలమైట్ పర్వతాల్లో పోయినప్పుడు, గాల్లో ఊడిపోవాల్సిన స్కీ ఒకటి ఊడలేదు. దాన్ని వదిలించుకునేలోగా పారాచూట్ తెరిచే ఎత్తు మిగల్లేదు. తప్పు పారాచూట్‌ది కాదు. కొండలెక్కే డాన్ ఆస్మన్ 1998 నవంబర్ 23న అమెరికాలోని యోసెమిటీలో, ఒంటికి తాడు కట్టుకుని దూకినప్పుడు అది తెగి చనిపోయాడు. తాళ్లు వారాల తరబడి వానకీ మంచుకీ తడిశాయి కాబట్టి అదే కారణమని చాలామంది అనుకున్నారు. తర్వాత తాడును పరిశీలిస్తే, దూకే కోణం మార్చడంతో తాడు మీద తాడు ఒరుసుకుని కోసుకుపోయిందని తేలింది. టాంక్రెడ్ మెలే ఆకాశంలో తాడు మీద నడకకు పేరుపడ్డాడు. 2016 జనవరిలో పడి చనిపోయింది మాత్రం ఆ నడక తాడు మీంచి కాదు, వేడిగాలి బెలూన్ నుంచి. ఈ తేడాలు పట్టించుకోమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నీ వ్యాసాన్ని రేపు దూకబోయేవాళ్లు కూడా చదువుతారు. తప్పు కారణం చెప్తే వాళ్లు తప్పు భాగాన్ని తనిఖీ చేసుకుంటారు.

కారణం ఇంకా విచారణలో ఉంటే ఆ మాటే రాయి. మరణం గురించి మొత్తం 120 మాటలు చాలు. వాటిని వ్యాసం చివర కాదు, మూడో వంతు దగ్గర పెట్టు. చివర పెడితే జీవితమంతా దానికోసమే నడిచినట్టు అవుతుంది. మెకాంకీ సంగతే చూడు. నీటి మీద వాడే స్కీలకు ఉన్న వంపును మెత్తటి మంచుకు తెచ్చి 2002లో స్పాచ్యులా అనే స్కీ వచ్చేలా చేశాడు. లోతు మంచులో వాడే స్కీల ఆకారాన్నే అది మార్చింది. అతని గురించి రాసేవాళ్లు చివరి జంపుతో ఆపితే ఇదంతా పోతుంది.

భాష గురించి కొంత. 'దూకేవాడు', 'వాయించేవాడు' అని పేజీ నిండా ఉన్నాయి. ఆ క్రియ అలవాటును చెప్తుంది. ఒక్కసారి జరిగినదానికి వాడితే అబద్ధమే. ఫలానా రాత్రి, ఫలానా చోట 'వాయించాడు' అని రాస్తే పాఠకుడు ఆ గదిలోకి వస్తాడు. అలాగే ఒకచోట 'ఆయన', ఒకచోట 'అతను', సంతాపం ముదిరినచోట 'వారు' అన్నావు. ముప్పై రెండేళ్లవాడు, స్నేహితులు 'వాడు' అని పిలిచినవాడు. 'అతను' మొదటి నుంచి చివరిదాకా ఉంచు. స్నేహితుల మాటల్లో 'వాడు' వస్తే దిద్దకు.

అచ్చుకిచ్చే ముందు ఇంట్లోవాళ్లకి చదివి వినిపించు. తేదీలు, పేర్లు వాళ్లు దిద్దితే దిద్దుకో. ఒక వాక్యం తీసెయ్యమంటే ఎందుకో అడుగు. బాధపెడుతోందని అంటే, అది లేకుండా వ్యాసం నిలబడుతుందో లేదో చూడు. చాలాసార్లు నిలబడుతుంది. ప్రమాదం వీడియో ఎవరు పంపినా దాన్ని వర్ణించకు.

లాగ్‌బుక్ దొరికిందో లేదో, విరిగింది ఏ చెయ్యో ముందు తెలుసుకుని రాయి. రెండో ప్రతి ఆ తర్వాతే పంపు.

ఆశీస్సులతో.