అనువదించిన ప్రశ్నావళితో క్యాన్సర్ నుంచి బయటపడ్డవారి తీరని అవసరాలు తెలుస్తాయా?

తెలుస్తాయి, కానీ మాటకు మాట అనువదిస్తే చాలదు. బాగా వాడుకలో ఉన్నది ఆస్ట్రేలియాలో తయారైన ఎస్‌సీఎన్‌ఎస్-ఎస్‌ఎఫ్34 అనే ఇంగ్లీషు ప్రశ్నావళి. మానసిక ఇబ్బందులు, సమాచారం, శరీరం-రోజువారీ పనులు, సిబ్బంది ఆదరణ, లైంగిక జీవితం, ఈ 5 విషయాల మీద 34 ప్రశ్నలుంటాయి. గడిచిన నెలలో ఒక్కోదానికి ఎంత సాయం కావాల్సివచ్చిందని అడుగుతారు.

చిక్కంతా ఆ ‘సాయం’ దగ్గరే. ‘అలసట’ ఎదురుగా ‘ఎక్కువ’ అని గుర్తు పెట్టిన మనిషి, తను ఎంత అలసిపోతున్నాడో చెబుతుండవచ్చు. కావాల్సిన సాయం సంగతి అందులో ఉండకపోవచ్చు. అలాగే ‘ఆ సమస్య నాకు లేదు’, ‘ఉంది కానీ సాయం అందింది’ అనేవి రెండు వేర్వేరు జవాబులు. రెండూ ‘అవసరం లేదు’గా కలిసిపోతే, ఏ సేవ పనిచేస్తోందో తెలియదు.

అందుకే ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. మూలం చూడనివారు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి అనువదిస్తారు. నా దృష్టిలో అసలు పని ఆ తర్వాతిదే: కొందరు రోగుల పక్కన కూర్చుని “ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది?” అని అడగడం. లైంగిక ప్రశ్నలను మాత్రం ఒంటరిగా నింపనివ్వాలి, బంధువులు పక్కనుంటే ఖాళీగా వదిలేస్తారు.

జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే లెక్క 0.7 దాటితే ప్రశ్నల మధ్య పొందిక ఉన్నట్టే, అర్థం సరిగ్గా చేరినట్టు కాదు.