ఇంట్లోనే ఉన్నా ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని పార్సిల్ వెనక్కి పంపేస్తున్నారు. ఏం చేయాలి?

ఫోను రాలేదు, బెల్లు మోగలేదు, డబ్బు మాత్రం ముందే కట్టాను అంటున్నారు. ఆ మెసేజ్ చదివినప్పుడు పుట్టే మంట నాకు బాగా తెలుసు. మేముండేది సికింద్రాబాద్ వారాసిగూడలో, లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. అమ్మ పగలంతా ఇల్లు కదలదు. అయినా ఆమె షుగరు పరీక్ష స్ట్రిప్పులు రావలసిన రోజు సాయంత్రం ఇదే మెసేజ్ వచ్చింది. ‘నేను ఇంట్లో లేకపోతే ఈ పిండి ఎవరు రుబ్బినట్టు?’ అంది అమ్మ. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే వీలు కస్టమర్ కేర్ చాట్‌లో లేదు.

ఆ మాట ఎందుకు పెడతారో మా సందుకు వచ్చే డెలివరీ కుర్రాడే తర్వాత ఒకరోజు చెప్పాడు. పొద్దున తన పేరు మీద ఎక్కిన ప్రతి పార్సిల్‌కూ రాత్రి లోపల ఏదో ఒక లెక్క చూపించాలి. కూలి పార్సిల్‌కు ఇంత అని కడతారు. వాన పడో, ట్రాఫిక్‌లో ఇరుక్కునో పొద్దుపోతే, మిగిలిన వాటికి ‘నాకు సమయం చాలలేదు’ అని పెడితే మాట పడేది అతనే. ‘మనిషి లేరు’ అని నొక్కితే తప్పు మనమీదికి వస్తుంది, అతని లెక్క సరిపోతుంది. అందుకే అతనితో గొడవ పడి లాభం లేదనే అంటాను. అలాంటి లెక్క అడిగేది కంపెనీ, నిలదీయవలసిందీ దాన్నే.

నిలదీయడం మాత్రం అదే సాయంత్రం జరగాలి. రేపు చూద్దాంలే అని ఊరుకుంటే ఇలాంటి ‘ప్రయత్నాలు’ మరి రెండు నమోదై, సామాను అమ్మినవారి గోదాముకు తిరుగుముఖం పడుతుంది. ఫోనులో మాట్లాడినా, ఆ పైన చాట్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా పెట్టండి. ఆ రోజు కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ జత చేసి, ‘ప్రయత్నం జరిగిందన్న సమయం ఎంత, అప్పుడు మీ మనిషి ఎక్కడున్నట్టు నమోదైంది?’ అని ఆ రెండే అడగండి. కోపం ఎంతున్నా అంతకు మించి రాయకండి. పొడవాటి ఫిర్యాదుకు ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని ఒక్క ముక్క అంటించి వదిలేస్తారు. మా విషయంలో ఈ రెండు ప్రశ్నలు పెట్టాకే హబ్ (పార్సిళ్లు పంచే కేంద్రం) నుంచి ఒక మనిషి నేరుగా ఫోను చేశాడు, స్ట్రిప్పులు మర్నాడు వచ్చాయి.

దానికి ముందు మీ ఫోను ఒకసారి చూసుకోండి. చాలా కంపెనీలు డెలివరీ మనిషి నంబరు మనకు కనబడకుండా వేరే నంబరు నుంచి కలుపుతాయి. అలాంటి వాటిని స్పామ్ అని ముద్ర వేసి, మోగకుండానే తోసేసే యాప్‌లు ఉన్నాయి. బ్లాక్ అయిన కాల్స్ జాబితాలో అది కనిపిస్తే కంపెనీ మాటలో సగం నిజమున్నట్టే.

అడ్రసు సంగతి వేరే. హైదరాబాద్ పాత బస్తీల్లో, పాత కాలనీల్లో ఇంటి నంబరు నమ్ముకుంటే అంతే సంగతులు. వార్డు, బ్లాకు, ఇల్లు, ఆపైన వాటాలు పంచుకున్నప్పుడల్లా చేరిన బై నంబర్లు, చివర ఒక ఏ, బీ. వరుస నంబరు ఇల్లు పక్క సందులో తేలుతుంది. అందుకే నేను అడ్రసు మొదటి వరుసలోనే ‘నీలం గేటు, కింద కిరాణా కొట్టు, మూడో అంతస్తు, కింది నుంచే పిలవండి’ అని రాస్తాను. పిలిస్తే అమ్మ కూరగాయలకు వాడే తాడు కట్టిన బుట్టను బాల్కనీ నుంచి దించుతుంది. పార్సిల్ అందులో వేసి, ఓటీపీ పై నుంచి అరిచి చెప్పించుకుని వెళ్లిపోతారు. సందంతటికీ వినిపిస్తుందనుకోండి, ఒకసారి వాడిన ఓటీపీతో ఎవరికేం పని? సామాను బుట్టలో పడకముందు మాత్రం చెప్పదు.

తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గడులుగా విడదీసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. తయారీలో ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి. ఇల్లు వెతుక్కోవడానికి మంచిదే. కానీ కింది వాటాకూ మా వాటాకూ కోడ్ ఒకటే. మెట్లు ఎక్కించే కోడ్ ఇంకా రాలేదు.

స్పీడ్ పోస్టు అయితే ఇంత యాతన లేదు. అందించలేకపోయిన కవరు సాధారణంగా ఏడు రోజుల వరకు మీ పోస్టాఫీసులోనే ఉంటుంది. ట్రాకింగ్ నంబరు, గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లి తెచ్చుకోవచ్చు.

ఇక మీరు కట్టిన డబ్బు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు తన సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ పేజీ సైటు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపికగా వెతకండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అప్పటికీ తేలకపోతే మీరుంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మినవారి ఊరికి పోనక్కరలేదు. కొన్న వస్తువు ఖరీదు అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. చిన్న పార్సిల్‌కు అంతదూరం వెళ్లమని నేను అనను. ఫిర్యాదుల అధికారికి రాసే మెయిల్‌లో ఈ నిబంధన ఏ సంవత్సరానిదో ఒక్క వాక్యం చేర్చండి, జవాబు తీరు మారుతుంది.

ఈ హడావుడిలో ‘అడ్రసు అసంపూర్ణంగా ఉంది, లింకు నొక్కి కొద్దిపాటి రుసుము కట్టండి’ అని మరో మెసేజ్ వస్తే ముట్టుకోకండి. తపాలా శాఖ పేరుతోనూ ఇలాంటివి తిరుగుతున్నాయి. పార్సిల్ కోసం ఎదురుచూసే మనిషే వాటిని ఇట్టే నొక్కేస్తాడు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.