యూరో దేశాల్లోలాగా ఒకే కరెన్సీ ఉన్నచోట ఒక ప్రాంతం దెబ్బతింటే, జనం వలసపోతే సర్దుకుంటుందా?

వెళ్లినవాడికి సర్దుకుంటుంది. ఉండిపోయినవాడి సంగతే తేలదు. మీరడిగింది యూరో దేశాల గురించే అయినా, నాకిది తలకెక్కింది మాత్రం 2019లో, విజయవాడలో మా శానిటరీ షాపు కౌంటర్లో కూర్చున్నప్పుడు.

ఆర్థికవేత్త రాబర్ట్ మండెల్ 1961లోనే చెప్పాడు: ఉమ్మడి కరెన్సీలో ఉన్న ప్రాంతం తన డబ్బు విలువ తగ్గించుకుని, తన సరుకుని బయటివాళ్లకి చవక చేసి గట్టెక్కలేదు, కాబట్టి పనివాళ్లయినా పని ఉన్నచోటికి కదలాలి. 2019 ఎన్నికల తర్వాత అమరావతి పనులు ఆగాయి. హైదరాబాద్‌కి ఆ దెబ్బ లేదు, రూపాయి మాత్రం రెండుచోట్లా ఒకటే. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన తాపీవాళ్లు, సెంట్రింగ్ కూలీలు మూటాముల్లె సర్దుకుని కోరమాండల్ ఎక్కేశారు. మా ప్లంబర్లలో కుర్రవాళ్లు హైదరాబాద్, బెంగళూరు పోయారు. ఇంతవరకూ మండెల్ చెప్పినట్టే.

కానీ లేబర్‌కి అద్దెకిద్దామని మా బావగారు తాడేపల్లిలో లోను తీసుకుని పై అంతస్తు వేశారు. అద్దె సగానికి దిగినా అడిగేవాడు లేడు, టులెట్ బోర్డు ఎండకి వెలిసిపోయింది, ఈఎంఐ మాత్రం పైసా తగ్గలేదు. వెళ్లినవాళ్లు రోజూ కొనే టీ, టిఫిను, రీచార్జి కూడా వాళ్లతోనే పోయాయి. దాంతో వాళ్ల మీద బతికే టిఫిన్ బండ్లవాళ్లకీ బేరాలు పడిపోయాయి. వలస వల్ల దెబ్బ తగ్గకపోగా ఒక్కోసారి పెరిగేది ఇక్కడే.

గ్రీస్‌లో జరిగిందీ ఇదే, చాలా పెద్ద ఎత్తున. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది. యూరోకి ముందున్న సొంత కరెన్సీ డ్రాక్మా ఉండుంటే దాని విలువ తగ్గించుకునేవాళ్లు. యూరో కాబట్టి జీతాలు, పింఛన్లు కోశారు. డాక్టర్లు, ఇంజనీర్లు జర్మనీ దారి పట్టారు. అప్పు యూరోల్లోనే నిలబడింది, కట్టాల్సినవాళ్లు తగ్గారు. పైగా అక్కడ భాష పెద్ద అడ్డు. తెలుగు రాకపోయినా గోడ కట్టొచ్చు గానీ, జర్మన్ రాకుండా ఆసుపత్రిలో పనిచేయలేరు కదా.

మనకి రేషన్, ఉపాధి హామీ, కేంద్ర పన్నుల్లో వాటా ఉన్నాయి. ఊరు దెబ్బతిన్నా అవి ఆగవు. యూరోకి ఒకే సెంట్రల్ బ్యాంకు ఉంది, మన కేంద్రానికున్నంత ఉమ్మడి ఖజానా లేదు. మరో ఆర్థికవేత్త పీటర్ కెనెన్ 1969లో ఎత్తిచూపింది ఈ ఖజానా సంగతే. నన్నడిగితే వలసకన్నా ఇదే ముఖ్యం.

2025లో అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాయి. బెంగాల్ మేస్త్రీలు దిగారు. మా ప్లంబర్లలో చాలామంది రాలేదు, హైదరాబాద్‌లోనే కాపురాలు పెట్టేశారు. ఫిట్టింగ్ పనికి మనుషులు దొరక్క ఇప్పుడు మేమే కొత్తవాళ్లకి నేర్పుకుంటున్నాం.