హారన్ల మధ్య నిద్ర

ప్రశ్న: మా ఫ్లాట్ మెయిన్ రోడ్డు పక్కనే. రాత్రంతా హారన్లే. మందపాటి కర్టెన్లు వేసినా లాభం లేదు. అలవాటైపోతుందిలే అంటున్నారు ఇంట్లో. నిజమేనా అండీ?

జవాబు: పూర్తిగా అలవాటు కాదమ్మా. మెలకువ రాకపోయినా హారన్ మోగినప్పుడు గుండె వేగం పెరుగుతుంది. పడకగదిలో రాత్రిపూట శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. కర్టెన్ వెలుతురును ఆపినంతగా శబ్దాన్ని ఆపలేదు. గాలి దూరే సందులోంచే శబ్దమూ దూరుతుంది. కిటికీ రెక్కకూ ఫ్రేముకూ మధ్య కాగితం పెట్టి మూసి, లాగి చూడండి. సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు బీడింగ్ అతికించండి. అంతకంటే ముందు, వెనకవైపు గది ఉంటే మంచం అందులోకి మార్చేయండి. ఇంట్లో పసిపిల్లలుంటే మాత్రం ఈ రాత్రికే మార్చండి.